ఇంటి దగ్గర పిలిచే పేరు

గోదావరిఖనిలో నా ఉద్యోగం సగం ఆఫీసు కుర్చీలో, సగం కార్మికుల ఇళ్ల గడపల మీద గడిచింది. డెబ్బయ్యో దశకం మొదటి ఏళ్లలో బొగ్గు కంపెనీ గణాంక విభాగం అంటే ఒక అధికారి, ముగ్గురు పరిశోధకులు, ఒక అటెండరు, చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఒకటి. ఆ ముగ్గురు పరిశోధకుల్లో నేనొక్కదాన్నే ఆడదాన్ని. హైదరాబాదులో ఎకనామిక్స్ ఎం.ఏ. ముగించి, ఒక ఇనప్పెట్టె, రెండు పుస్తకాల మూటలతో రామగుండం స్టేషన్లో దిగినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు.

ఆ తర్వాత ఏ గ్రేడులో ఉన్నాను, ఏ హోదాలో రిటైరయ్యాను అన్నవి ఎవరికీ పనికిరావు. అవి వదిలేస్తున్నాను. ఒక్క సర్వే సంగతి మాత్రం వివరంగా రాస్తాను. అందులో నేను చేసిన తప్పు వల్ల ఒక మనిషి ఉద్యోగం పోబోయింది. ఇంకొకరిది పోయింది. ఆర్థిక పరిశోధనలోకి, వ్యాపార సంస్థల అధ్యయనాల్లోకి ఇప్పుడు వస్తున్న పిల్లలు నన్ను పద్ధతుల గురించి అడుగుతుంటారు. నాకు తెలిసిన పద్ధతి అంతా ఆ ఒక్క ఎండాకాలంలోనే నేర్చుకున్నాను.

రిజిస్టరు ముందు కూర్చుంటే

ఏటా ఎండలు ముదిరేసరికి రాత్రి షిఫ్టుకు వచ్చేవాళ్లు తగ్గిపోయేవారు. పైవాళ్లకు అది పెద్ద తలనొప్పి. మనుషులు లేకపోతే బొగ్గు పైకి రాదు, బొగ్గు రాకపోతే వ్యాగన్లు ఖాళీగా నిలబడతాయి. కారణం అందరికీ తెలిసినట్టే మాట్లాడేవారు. జీతం చేతికి రాగానే కల్లు దుకాణం దగ్గర కూర్చుంటారని కొందరు, ఊళ్లో పొలం పనులకు వెళ్లిపోతారని కొందరు. అసలు సంగతి తేల్చమని మా విభాగాన్ని అడిగారు.

మా అధికారి శేషగిరిరావు గారు కృష్ణా జిల్లా మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచొక్కాలో ఉండేవారు. పొగడటం ఆయనకు చేతకాదు. ఆ పని నాకిచ్చారు. నేను మూడు వారాలు హాజరు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుని, గైరుహాజరీకి ప్రధాన కారణం వ్యవసాయపు పనులని, కార్మికులు ఇంకా సగం రైతులేనని నివేదిక రాసిచ్చాను. భాష బాగా కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను.

ఆయన చదివి, కళ్లజోడు తీసి, మే నెల చివర్లో ఏ పొలంలో ఏం పని ఉంటుందమ్మా అని అడిగారు.

నేను కరీంనగర్ పక్క పల్లెలో పుట్టినదాన్ని. రోహిణి కార్తెలో నేల పెంకులా ఎండి ఉంటుందని నాకు తెలియక కాదు. రిజిస్టరు ముందు కూర్చున్నాక ఆ తెలిసిన సంగతే గుర్తుకు రాలేదు. ఎవరిని అడిగి రాశావు అన్నారు. ఎవరినీ అడగలేదని చెప్పాను. అయితే వెళ్లి అడుగు అన్నారు. సర్వే అట్లా మొదలైంది.

గడపలు

మొదట మా విభాగంలోని ఇద్దరు మగవాళ్లు వెళ్లారు. పగటిపూట ఇంట్లో ఉండేది ఆడవాళ్లే. పరాయి మగవాడు కాగితాలు పట్టుకుని వస్తే తలుపు దగ్గరికేసేవారు. తర్వాత నేను వెళ్లాను. నన్ను చూసి కూడా తలుపులు పడ్డాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పేర్లు రాసుకోవడానికి వచ్చిన దవాఖాన మనిషినని అనుకున్నారు. నాలుగు రోజులు తిరిగినా ఒక్క పత్రం నిండలేదు. ఐదో రోజు కాగితాలు సంచిలో దాచి, ఒక గడప ముందు నిలబడి మంచినీళ్లు అడిగాను. నీళ్లిచ్చిన మనిషి కూర్చోమంది. అక్కడినుంచి దారి దొరికింది.

నెల తిరిగేసరికి ఒక సంగతి స్పష్టంగా కనబడసాగింది. అవన్నీ రేకుల ఇళ్లు. రాత్రి బాయిలో, అంటే బొగ్గుగనిలో, పనిచేసి పొద్దున వచ్చినవాడు పగలు పడుకోవాలి. పది దాటితే రేకులు కాలుతాయి. పైగా గల్లికి ఒక్కటే నల్లా, అందులో నీళ్లు వదిలేది సరిగ్గా మధ్యాహ్నం పూట. ఆ రెండు గంటలూ బిందెల చప్పుడు, వరస కోసం కొట్లాటలు అన్నీ ఆ మనుషుల తలల పక్కనే. రెండు మూడు రోజులు కన్ను మూయకుండా బొగ్గు కొట్టినవాడు నాలుగో రోజు డ్యూటీకి వెళ్లలేకపోయేవాడు. వెళ్లి కునికితే పైకప్పు రాలి ప్రాణం పోవచ్చని వాళ్ల భార్యలకు తెలుసు. చాలామంది తామే ఆపేసేవారు. ఈ మాట ఏ రిజిస్టరులోనూ లేదు.

సర్వే పత్రం మొదటి పేజీలో ఇంటి గుర్తింపు వివరాలు ఉండేవి. అక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు. జీతం చిట్టీ తెచ్చి చూపిస్తారు, లేదా పక్కింటామె చెబుతుంది. చిట్టీలో ఒక పేరు, పక్కింటామె చెప్పేది ఇంకొకటి. ఒకే మనిషి రెండు పత్రాల్లో రెండు పేర్లతో ఎక్కడం మొదలైంది. అది ఆపడానికి నేనొక ఉపాయం చేశాను. ‘రిజిస్టరు ప్రకారం పేరు’ అన్న కాలమ్ పక్కన ‘ఇంటి దగ్గర పిలిచే పేరు’ అని ఇంకో కాలమ్ చేర్చాను. శేషగిరిరావు గారు చూసి, ఇది పనికొస్తుంది అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెప్పుడూ వినలేదు.

రాజవ్వ

రాజవ్వకు నా ఈడే ఉంటుంది. చామనఛాయ, చురుకైన మనిషి, మాట్లాడుతూనే చేటలో బియ్యం ఏరేది. ఆమె భర్త రాత్రి షిఫ్టులో బొగ్గు నింపే పని చేసేవాడు. చిట్టీ తెచ్చి చూపించింది. పోశం అని ఉంది. రాసుకున్నాను. ఆయన నిద్ర గురించి, నల్లా గురించి అన్నీ దాచకుండా చెప్పింది.

ఇంతలో లోపలినుంచి ముసలావిడ గొంతు వినబడింది. నిద్రపోతున్న కొడుకును లేపుతోంది. మొండయ్యా, లే బిడ్డా, బువ్వ తిని మళ్ల పండుకుందువు అంటోంది.

మొండయ్య ఎవరని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను. రాజవ్వ చెయ్యి చేటలోనే ఆగిపోయింది. తల దగ్గరగా పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

“నౌకరి అచ్చింది మా పెద్దమామ కొడుకు పోశానికి, అక్కా. బాయిల దిగి నాలుగు దినాలకే భయపడి ఊరికి ఉరికిండు. ఆ పేరు మీద మా ఆయన దిగిండు. ఏడేండ్లాయె. గిది రాయకు.”

“రాయనక్కా,” అన్నాను.

ఆ కథ నేను రాయలేదు. గల్లి చివర గోడ నీడలో నిలబడి పత్రంలో మిగిలిన ఖాళీలు నింపుకోవడం నా అలవాటు. ఖాళీ కాలమ్ ఉంటే శేషగిరిరావు గారు పత్రం తిప్పి పంపేవారు. రిజిస్టరు ప్రకారం పేరు, పోశం. ఇంటి దగ్గర పిలిచే పేరు అన్న కాలమ్ ఖాళీగా ఉంది. మొండయ్య అని రాశాను. రాస్తున్నప్పుడు చెయ్యి తడబడలేదు. ఆమెకిచ్చిన మాట తప్పుతున్నానన్న ఆలోచన కూడా రాలేదు. కథ వేరు, కాలమ్ వేరు అనుకున్నాను కాబోలు. మంచి పత్రం అంటే ఖాళీలు లేని పత్రం అనే నమ్మకం ఒకటి ఉండేది నాకు.

పది పత్రాలు

జూన్ మొదట్లో ఒక సమావేశం జరిగింది. ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసర్ సుదర్శనం గారు వచ్చారు. చాలామంది ఆయన్ను చెడ్డవాడనేవారు. నాకు అలా అనిపించలేదు. పని తెలిసినవాడు, పై నుంచి వచ్చిన ఆజ్ఞను అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు. మారుపేర్లతో పనిచేస్తున్నవాళ్లను ఏరిపారేయమని ఆయనకు ఆ ఏడాది గట్టి ఒత్తిడి ఉందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసి ఉంటే ఆయన ముందు నోరు ఇంకోలా విప్పేదాన్ని.

నల్లా, నిద్ర అని నేను చెబుతుంటే ఆయన నవ్వారు. ఆడవాళ్ల ముచ్చట్లు విని కంపెనీ విధానాలు మారుస్తుందా అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా సమాచారం ఎంత శ్రద్ధగా సేకరించామో చూడమంటూ పైనున్న పది పత్రాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. శేషగిరిరావు గారు ఏదో అనబోయి ఆగారు. సుదర్శనం గారు పేజీలు తిప్పారు. నల్లా గురించిన పేజీ దగ్గర ఆగలేదు. మొదటి పేజీకి తిరిగి వచ్చి చాలాసేపు చూశారు.

చాలా బాగా చేశారమ్మా, ఒకరోజు నా దగ్గర ఉంచుకుంటాను అన్నారు. నేను గెలిచాననుకున్నాను.

ఒకరోజు గడిచింది, వారం గడిచింది. పత్రాలు తిరిగి రాలేదు. నేను మిగిలిన ఇళ్ల కోసం గల్లికి వెళ్లాను. నల్లా దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేశారు. ఒక్కొక్కరే బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయారు. నిండని బిందెలు కూడా ఎత్తుకుపోయారు. రాజవ్వ గడపలో నిలబడి ఉంది. ఆమె భర్తకు చార్జిషీటు వచ్చింది. పోశం పేరుతో మొండయ్య అనే వ్యక్తి మోసపూరితంగా ఉద్యోగం చేస్తున్నాడని అందులో ఉంది. సస్పెండు చేశారు.

“పేరు రాసినవ్ కదా,” అంది.

కథ రాయలేదు, పేరు మాత్రమే రాశానని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె తిట్టి ఉంటే కొంత తేలికగా ఉండేది. తలుపు వేసుకుంది. అక్కడికి నాలుగిళ్ల అవతల రాయమల్లు అనే మరో కార్మికుడి ఇంటికి తాళం వేసి ఉంది. రెండు పేర్లున్న అతని పత్రమూ ఆ పదింటిలో ఉంది. మూడు రోజుల క్రితం భార్యాబిడ్డలతో వెళ్లిపోయాడని, ఎక్కడికో తెలియదని పక్కింటాయన ముఖం పక్కకు తిప్పుకుని చెప్పాడు. అతనికి ఇంకా ఏ కాగితమూ రాలేదు. పోశం సంగతి విని భయపడిపోయాడు.

ఎండలో ఆఫీసుకు నడిచి వచ్చేసరికి నా బల్ల మీద ఒక ఉత్తరం ఉంది. సర్వే పత్రాలన్నీ సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటల లోపు పర్సనల్ శాఖకు అప్పగించాలి. ఆ రోజు శుక్రవారం.

సోమవారం పన్నెండు లోపు

శేషగిరిరావు గారికి అంతా చెప్పాను. రాజవ్వ చెప్పిన కథ కూడా చెప్పాను. ఆయన లేచి బీరువాలోంచి సర్వే ప్రణాళిక తీశారు. పైవాళ్లు ఆమోదించి సంతకం చేసిన కాగితం అది. అందులో ఒక వాక్యం మీద వేలు పెట్టారు. పట్టికలు తయారైన వెంటనే పేర్లున్న మొదటి పేజీని, అంటే గుర్తింపు పేజీని, వేరుచేసి నాశనం చేయాలని ఉంది. ప్రతి సర్వేలోనూ ఆయన ఆ వాక్యం రాసేవారు. నేను దాన్ని అలవాటుగా రాసే మాట అనుకుని ఏనాడూ పట్టించుకోలేదు.

“పట్టికలు అయ్యాయా?” అన్నారు.

“సగం కూడా కాలేదు సార్. ఇంకా పది రోజుల పని.”

“మూడు రోజులే ఉన్నాయి.”

పట్టికలు కాకముందే చించితే అది నేరం. అయిన తర్వాత చించితే అది మాకు ఇచ్చిన ఆజ్ఞ. మధ్యలో ఉన్నది మా చేతుల వేగం ఒక్కటే. ప్రతి పత్రం మొదటి పేజీలో ఉన్న కార్మికుడి సంఖ్యను బట్టి హాజరు రిజిస్టరు తెరిచి, ఆ మనిషి ఎన్నిసార్లు రాలేదో చూసి, ఏ ఇల్లు, ఏ షిఫ్టు, నల్లాకు ఎంత దూరం అన్న గడుల్లో గీతలు గీయాలి. ముగ్గురం పంచుకున్నాం. శేషగిరిరావు గారు నాలుగో మనిషిగా కూర్చున్నారు. అధికారి మాతో సమానంగా గీతలు గీయడం అదే మొదటిసారి చూశాను. శనివారం, ఆదివారం కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టుకుని పనిచేశాం. చెమట కాగితం మీద పడకుండా మణికట్టుకు గుడ్డ చుట్టుకున్నాను. బయట జీపు చప్పుడైతే నలుగురి చేతులూ ఆగేవి.

సోమవారం పదకొండు దాటాక చివరి పత్రం అయిపోయింది. మొదటి పేజీలు చింపడం మొదలుపెట్టాం. అటెండరు ఖాసిం మియా వరండాలో చాయ్ కాచే బొగ్గుల పొయ్యి అప్పటికే రాజేసి ఉంచాడు. ఎవరూ అతనికేమీ చెప్పలేదు. మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాడు. నేను కట్టలు తెచ్చిస్తుంటే ఒక్కొక్కటే పెట్టాడు. నేను మాటిమాటికీ దారి వైపు చూడటం గమనించి అన్నాడు.

“ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. మీరు కట్టలు తెస్తనే ఉండుండ్రి. పొయ్యి సంగతి నేను చూసుకుంట.”

పన్నెండుకు పది నిమిషాలుండగా సుదర్శనం గారే స్వయంగా వచ్చారు. శేషగిరిరావు గారు మిగిలిన పేజీల కట్టలు, వాటి మీద ప్రణాళిక నకలు పెట్టి అందించారు. ఆయన చదివి, వరండాలో పొయ్యి వైపు చూశారు.

“ఇది తెలిసే చేశారు,” అన్నారు.

“అవును,” అన్నారు శేషగిరిరావు గారు. “ఆమోదించిన ప్రకారం చేశాం.”

సుదర్శనం గారు కట్టలు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

దీనికి మూల్యం చెల్లించాం. అది కూడా రాయాలి. నల్లాకు దూరం, గైరుహాజరు అన్న పట్టికలో ఒక వరస తప్పు. అది నేను గీసిందే. నెల తర్వాత కూడికలు సరిపోకపోతే తెలిసింది. గుర్తింపు పేజీ లేకుండా ఏ పత్రం ఏ మనిషిదో తెలియదు, మళ్లీ సరిచూడటానికి దారి లేదు. ఆ పట్టికను నివేదికలోంచి తీసేశాం. నా వాదనకు అదే అన్నిటికన్నా బలమైన పట్టిక.

విచారణ

మిగిలిన గుర్తింపు పేజీలు కాలిపోయాయి గాని, ఆ పది పత్రాలు మాత్రం సుదర్శనం గారి దగ్గరే ఉన్నాయి. పోశం మీద విచారణ జులైలో జరిగింది. సాక్షిగా రమ్మని నాకు కాగితం వచ్చింది. ఏం చెప్పాలో శేషగిరిరావు గారిని అడిగాను. అది నేను చెప్పేది కాదమ్మా అన్నారు. ఆ మాటకు అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన చేసిందే సరి అనుకుంటాను. ఆయన చెప్పి ఉంటే, ఆ తర్వాత జీవితమంతా అది ఆయన మీదకు తోసేసేదాన్ని.

విచారణ జరిపింది ఆ గనిలోనే అసిస్టెంట్ మేనేజరుగా ఉన్న ఒక ఇంజనీరు. పోశం గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతన్ని మేలుకుని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. నిద్రపోతున్నప్పుడు లోపలి గదిలో కాళ్లు మాత్రమే చూశాను. కుడి కనుబొమ మీద బొగ్గు దిగిన నల్లటి గాటు ఉంది. పేరడిగితే పోశం సార్ అన్నాడు. ఏడేళ్లుగా రోజూ చెబుతున్న మాటలాగే చెప్పాడు.

పత్రం నా ముందు పెట్టి, ఈ రాత నీదేనా అని సుదర్శనం గారు అడిగారు. నాదేనన్నాను. మొండయ్య అన్న పేరు ఈయన భార్య చెప్పిందా అన్నారు. ఆమె చెప్పలేదు, ఇంట్లో ముసలావిడ పిలుస్తుంటే విని రాశానన్నాను. అప్పటివరకు అంతా నిజమే. ఇక్కడివాళ్లకు ఇంట్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు ఉండటం మామూలేనా అని ఇంజనీరు అడిగారు. చాలా ఇళ్లలో ఉందని, అందుకే ఆ కాలమ్ పెట్టామని చెప్పాను. అదీ నిజమే. ఆ పదింటిలోనే నాలుగింటిలో రెండు పేర్లున్నాయి.

సుదర్శనం గారు పత్రం మూసి, కుర్చీ నావైపు జరుపుకుని, నెమ్మదిగా అడిగారు.

“ఈ రెండో పేరు ఎందుకుందో ఆమె మీతో ఏమైనా చెప్పిందా?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. వారం రోజులుగా జవాబులు తయారుచేసుకున్నాను. సర్వేలో విన్నది బయట చెప్పకూడదు అనే జవాబు ఒకటి ఉంది. వినడానికి గౌరవంగా ఉంటుంది, నేను అబద్ధం ఆడినట్టూ కాదు. కాని ఆ మాట అన్న మరుక్షణం, చెప్పడానికి ఏదో ఉందని గదిలో అందరికీ తెలిసిపోతుంది. నా నిజాయితీ నిలబడుతుంది, గోడ పక్కనున్న మనిషి పోతాడు.

“చెప్పలేదు,” అన్నాను.

ఇంజనీరు తల ఎత్తి నన్ను చూశారు. నమ్మినట్టు లేదు. తల వంచి ఏదో రాసుకుని, ఇక చాలన్నారు. బయటకు వచ్చాక వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. మాట నిలబెట్టుకున్నానని కూడా అనను. మాట అప్పటికే తప్పాను. అవసరం లేని ఒక పేరు రాసినందుకు చివరికి ఒక అబద్ధం ఆడవలసి వచ్చింది. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. ప్రశ్న తయారుచేసేటప్పుడు, జవాబు మీకు ఎందుకు పనికొస్తుందో చూసుకున్నాక, ఇంకెవరికి పనికొస్తుందో కూడా చూసుకోండి. మీరు రాసినదాన్ని మీరు ఊహించని మనిషి, మీరు ఊహించని అవసరంతో చదువుతాడు. సమావేశంలో ఎవరో నవ్వారని రుజువులు చేతికివ్వకండి.

తర్వాత

నేరం రుజువు కాలేదని ఆగస్టులో పోశాన్ని హెచ్చరికతో తిరిగి డ్యూటీలోకి తీసుకున్నారు. రెండు నెలల జీతం పోయింది. రాయమల్లు తిరిగి రాలేదు. కొంతకాలానికి అతని పేరు రిజిస్టరులోంచి కొట్టేశారు. అతని రెండు పేర్లలో ఒకటి ముద్దుపేరో, మారుపేరో నాకు ఈరోజుకీ తెలియదు. నిలబడి ఉంటే అతనికి కూడా ఏమీ అయ్యేది కాదేమో. మందమర్రి వైపు కూలికి పోయాడని ఒకరు, ఆదిలాబాద్ అవతల ఎక్కడో ఉన్నాడని ఒకరు చెప్పారు. సెలవు రోజుల్లో రెండుసార్లు మందమర్రి వెళ్లి అడిగాను. దొరకలేదు.

బలమైన పట్టిక లేకుండానే నివేదిక వెళ్లింది. ఏడాదిన్నర బీరువాలో ఉంది. తర్వాత కొత్తగా వచ్చిన ఒక జనరల్ మేనేజరు అది చదివి, నల్లా సమయం పొద్దున్నకు మార్పించారు. ఎవరూ ఉత్సవం చేయలేదు. శేషగిరిరావు గారు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, పని అయింది అని మాత్రం అన్నారు. రేకుల ఇళ్ల సంగతి మారడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

పోశం డ్యూటీలో చేరిన వారానికి ఒక ఆదివారం పొద్దున రాజవ్వ నా క్వార్టరుకు వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం బయట, నేను ఆమె గడప మీద కూర్చున్నట్టే, అంచు మీద కూర్చుంది. మంచినీళ్లిస్తే తీసుకుంది, తాగలేదు. నేను క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆమె వినడానికి రాలేదు, చెప్పడానికి వచ్చింది.

“విచారణల నువ్వు ఏమన్నవో మా ఆయన చెప్పిండు. మంచిదే. కని మా గల్లికి ఇగ రాకు అక్కా. నిన్ను చూస్తే అందరికి గుండెలు దడదడలాడుతున్నయ్.”

రానని చెప్పాను. ఆ తర్వాత ఆ ఊళ్లో పదకొండేళ్లు ఉన్నాను, వెళ్లలేదు.

లేచి, కొంగు సర్దుకుని, గ్లాసు గడప మీద పెట్టింది. రెండడుగులు వేసి ఆగింది.

“ఇంట్ల గూడ పోశం అనే పిలువాలె అని మా అత్తకు చెప్పినం. ముసలామెకు ఆ పేరు నోట్లకెళ్లి వస్తలేదు. పాత పేరు అంటే కొడుకుకు ఏమన్న అయితదని భయం. ఇప్పుడు కొడుకును పిలుచుడే బంద్ చేసింది.”

అలా చెప్పి, ఎండ ముదరకముందే ఇల్లు చేరాలని గబగబా నడిచి వెళ్లిపోయింది.